అరవై మూడు కంపెనీలతో మాటల్లేవు

కళ్ళజోళ్ళ బాబాయికి సబ్బుతో మాటల్లేవు. టూత్‌పేస్టుతో మాటల్లేవు. రెండు రకాల బిస్కెట్లతో, తలనొప్పి మాత్రతో, గదిలో వెలిగే బల్బుతో, చివరికి గోడలకి వేసిన రంగుతో కూడా మాటల్లేవు. గోడల్ని బయటికి పంపడం కుదరదు కాబట్టి కుర్చీని గది మధ్యకి లాక్కుని, వాటికి ఆనుకోవడం మానేశాడు. మొత్తం అరవై మూడు కంపెనీలు. అంతమందితో మాటలు మానేయాలంటే ముందు అన్ని పరిచయాలుండాలి. బాబాయికి మనుషుల్లో అన్ని పరిచయాలు లేవు, అందుకే కంపెనీలతో సరిపెట్టుకున్నాడని వీధిలో నవ్వుకునేవాళ్ళు.

ఇదంతా ఒక పేపరు ప్రకటనతో మొదలైంది. ఇంటర్‌నెట్ మీద కొత్త చట్టం ఒకటి తెస్తామన్నారు. ఫలానా వెబ్‌సైటు మా సొత్తు వాడుకుంటోందని ఏ కంపెనీ అయినా వేలెత్తి చూపిస్తే చాలు, దాన్ని అదే రోజు మూసేస్తారు. నడిపేవాళ్ళ మాట వినడం ఆ తర్వాత, తీరిక దొరికితే. జనం దానికి ‘ముందు మూత చట్టం’ అని పేరు పెట్టి తిట్టుకున్నారు. అరవై మూడు కంపెనీలు మాత్రం మాకు ఇది నచ్చిందని పేపర్లో పేజీ నిండా తమ గుర్తులు అచ్చేయించుకున్నాయి. బాబాయి ఆ పేజీ కత్తిరించి, ఎనిమిది మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ జేబులో ఇంకేదీ పట్టలేదు.

వింతేమిటంటే బాబాయికి ఇంటర్‌నెట్ లేదు. కంప్యూటరు లేదు. ఉన్న ఒక్క ఫోనూ వైరుతో గోడకి కట్టేసి ఉంటుంది. నలభై ఏళ్ళు ఒక కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి, ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసి, రిటైరైన మనిషి. షాపువాళ్ళు వెళ్ళేటప్పుడు ఒక భూతద్దం బహుమతిగా ఇచ్చారు. దాన్ని ఇన్నాళ్ళూ ఏం చేసుకోవాలో ఆయనకి తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

సరుకుల షాపులో ఆయన ప్రతి ప్యాకెట్టునీ వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి, తయారీదారు పేరు దాకా చదివేవాడు.

"బాబాయ్, మీ వెనక ఎనిమిదిమంది ఉన్నారు," అనేది కౌంటరు దగ్గరి అమ్మాయి.

"వాళ్ళతో నాకు మాటలున్నాయమ్మా. ఆగమని నేను చెప్తాలే."

చివరికి పేజీలో లేని కంపెనీ సబ్బు ఒకటి దొరికింది. దానికి నురగ రాదు, తడిసిన అట్టపెట్టె వాసన మాత్రం వస్తుంది. బాబాయి అది రుద్దుకుని వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు మర్యాదగా పక్కకి జరిగేవాళ్ళు. ఆయన దాన్ని గౌరవం అనుకున్నాడో ఏమో, అడిగినవాళ్ళు లేరు.

ఒకసారి అక్కయ్య ఇంటికి వెళ్ళాడు. ఆవిడ పళ్ళెంలో బిస్కెట్లు పెట్టింది. బాబాయి ప్యాకెట్టు చూపించమన్నాడు.

"కాగితం ఎందుకురా, తినేది బిస్కెట్టయితే?"

"చూడాలక్కయ్యా."

చెత్తబుట్టలోంచి కాగితం తీయించి, భూతద్దంతో చదివి, పళ్ళేన్ని రెండు వేళ్ళతో అవతలికి జరిపాడు. "దీంతో నాకు మాటల్లేవు."

"చిన్నప్పుడు నాతో అలిగేవాడివి. ఇప్పుడు బిస్కెట్టుతో కూడానా?" అని అక్కయ్య నవ్వింది. ఇంట్లోవాళ్ళూ నవ్వారు. తర్వాత ఎవరూ ఆయన్ని బలవంతం చేయలేదు, మళ్ళీ రమ్మని కూడా గట్టిగా అనలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ టీ. బాబాయి రోజుకి అయిదు కప్పులు తాగే మనిషి, అదీ ముప్ఫై ఏళ్ళుగా ఒకే కంపెనీ పొడి. పేజీలో రెండో వరసలో ఆ టీ కంపెనీ గుర్తు చూసి, ఒక పూటంతా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. ఆ తర్వాత డబ్బా ఖాళీ చేసి, ఎవరూ పేరు వినని ఒక పొడి తెచ్చుకున్నాడు. అది నీళ్ళకి రంగివ్వడం వరకే ఒప్పుకున్న పొడి.

"ఎలా ఉంది బాబాయిగారూ టీ?"

"వేడిగా ఉంది."

అయిదు నెలలుగా ఎప్పుడడిగినా అదే జవాబు. అడిగేది ఒక్కరే, పై వాటా అమ్మాయి.

ఆమెకి నలభై రెండేళ్ళు. అయినా బాబాయి నోట ఆమె అమ్మాయే. మందుల షాపులో పనిచేస్తుంది. కింద వాటాలో ఆయన, పై వాటాలో ఆమె, ఇద్దరివీ ఒంటరి బతుకులు. ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది. ఆమెకి ఒక అన్నయ్య ఉన్నాడు, ఏడాదికోసారి పుట్టినరోజని ఫోన్ చేస్తాడు, తేదీ మాత్రం ఒక్కో ఏడాది ఒక్కోటి. షాపులో రోజూ వందమంది ఆమెతో మాట్లాడతారు. వందమందీ అడిగేది ఒకటే మాట, "ఇది తినకముందా, తిన్నాకా?" సాయంత్రం గదికొచ్చి, చెప్పులు విప్పి, ఈ రోజుకి మాటలైపోయాయి అనుకుంటుండగా నేల కింద నుంచి చీపురుకర్ర దెబ్బలు రెండు వినిపించేవి. టక్, టక్. బాబాయి పిలుస్తున్నాడన్నమాట.

"అమ్మాయ్, ఈ అగ్గిపెట్టె ఎవరిదో చూడు. మన పేజీలో ఉన్న వంటనూనె కంపెనీకి ఇది తమ్ముడి వరస అవుతుందని నా అనుమానం."

ఆమె తన ఫోన్లో వెతికి చెప్పేది. "తమ్ముడు కాదు బాబాయిగారూ, అల్లుడు. పోయినేడే కలుపుకున్నారు."

"అల్లుడైతే ఇంకా దగ్గర చుట్టరికం. మాటల్లేవు. నువ్వు తీసుకెళ్ళు, నీకు వాళ్ళతో మాటలున్నాయిగా."

అలా బాబాయి అలిగిన సరుకంతా ఒక్కొక్కటే మెట్లెక్కి పై వాటాకి చేరింది. ఆమె గదిలో అగ్గిపెట్టెలే పద్నాలుగు.

"మీకు ఇంటర్‌నెట్టే లేదు కదా. ఆ చట్టం వస్తే మీకేం పోతుంది?" అని ఒకసారి అడిగింది.

"నాకేం పోదు."

"మరి?"

"మరేం లేదు. ఒకరి నోరు మూసేసి, ఆ తర్వాత ఏమంటావని అడగడం పద్ధతి కాదు. మా షాపులో కూడా ముందు అక్షరాలు చదివించుకుని, ఆ తర్వాతే అద్దం పెట్టేవాళ్ళం."

ఆమె మాట మార్చేసింది. ఆ చట్టం సంగతి వచ్చినప్పుడల్లా మార్చేసేది. పేపర్లో ఆ వార్త ఉంటే పేజీ తిప్పేసేది. ఎందుకంటే ఆమెకొక రహస్యం ఉంది.

మందు పెట్టెల్లో మడిచిపెట్టిన కాగితం ఉంటుంది కదా, చీమల్లాంటి అక్షరాలతో, రెండు వైపులా. దాన్ని ఎవరూ చదవరు, చదివినా అర్థం కాదు. ఆమె మూడేళ్ళుగా వాటిని ఒక్కొక్కటిగా తేలిక మాటల్లోకి మార్చి ఒక చిన్న వెబ్‌సైటులో పెడుతోంది. దాని పేరు ‘మందు చీటీ’. రాసేదెవరో అందులో ఎక్కడా ఉండదు. షాపులో తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అసలు సంగతి, చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పేజీ కింద ఎవరైనా "మా అమ్మకి పనికొచ్చింది" అని ఒక్క ముక్క రాస్తే, ఆ పూట ఆమె ఒక ముద్ద ఎక్కువ తినేది.

అలాంటిది, బాబాయి జేబులోని పేజీలో గుర్తు ఉన్న మందుల కంపెనీ ఒకటి ‘మందు చీటీ’కి మెయిలు పంపింది. మా కాగితంలోని విషయం వాడుకున్నారు, పదిహేను రోజుల్లో తీసేయండి, చట్టం వచ్చాక ఈ పదిహేను రోజులు కూడా ఉండవు అని. అవి వాళ్ళ వాక్యాలు కావు, ప్రతి మాటా ఆమెదే. ఆ ముక్క చెప్పాలంటే పేరు పెట్టి చెప్పాలి, తగవు పెట్టుకోవాలి. ఆమె రెండు మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చెరిపేసింది. చివరికి వచ్చే ఆదివారం మొత్తం పేజీ మూసేద్దామని నిశ్చయించుకుంది. మూశాక సాయంత్రాలు ఏం చేయాలో మాత్రం ఎంత ఆలోచించినా తోచలేదు.

ఆ వారంలోనే బాబాయి పడ్డాడు. బల్బుతో మాటలు మానేశాక ఆయన పెట్టుకున్న కొత్త బల్బు వెలిగిందో లేదో దగ్గరికెళ్ళి చూసుకోవాల్సిన రకం. అలాగే స్టూలెక్కి చూడబోయి కాలు మడతపడింది. పై వాటా అమ్మాయి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నర్సు ఆయింట్‌మెంటు తీసింది. బాబాయి ఒక కాలు బల్ల మీద పెట్టుకునే భూతద్దం తీశాడు.

"దీంతో నాకు మాటల్లేవు."

"మాట్లాడక్కర్లేదండీ, రాసుకోవాలి," అంది నర్సు.

పై వాటా అమ్మాయి తన షాపుకి పరుగెత్తి, పేజీలో లేని కంపెనీ ఆయింట్‌మెంటు తెచ్చేదాకా ఆయన కాలు ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర పోస్ట్‌మ్యాన్ ఆమెని ఆపాడు. చేతిలో ఒక కవరు ఉంది.

"అమ్మా, మీ కింద వాటా ఆయనకి టీ కంపెనీ నుంచి వచ్చింది. ఇది మూడోసారి. మొదటి రెండిటి మీదా ఎర్ర పెన్సిల్‌తో ‘మాటల్లేవు’ అని రాసి, విప్పకుండానే తిరగ్గొట్టారు. పోస్టాఫీసులో ఆ కారణం లేదమ్మా. చిరునామా తప్పు ఉంది, మనిషి లేడు ఉంది. మాటల్లేవు ఎందులో వేయాలని మా పెద్దాయన నా మీద పడుతున్నాడు. మీరైనా తీసుకోండి."

ఆమె దాన్ని లోపలికి తీసుకెళ్ళి ఇవ్వబోయింది. బాబాయి తల తిప్పుకున్నాడు. "మాటలే లేవంటే ఉత్తరాలేమిటమ్మా? తీసుకోను." ఆమె దాన్ని తన సంచిలో పడేసుకుంది.

"నువ్వు నాకింకో సాయం చెయ్యి," అన్నాడు బాబాయి. జేబులోంచి తీసిన పేజీ మడతల దగ్గర చిరిగి, ఎనిమిది ముక్కలై ఆయన ఒళ్ళో రాలింది. "లైబ్రరీలో పాత పేపర్ల కట్టలో ఇది ఉంటుంది. కాపీ తీయించుకురా. నేను పంపానని చెప్పు. ఇంకేం మాట్లాడకు, వెంటనే వచ్చెయ్."

ఆ ఆఖరి మాట ఎందుకన్నాడో ఆమెకి లైబ్రరీకి వెళ్ళాక తెలిసింది. లైబ్రేరియన్ పెద్దావిడ, మాట్లాడే మనిషి కోసం ఎదురు చూస్తున్నట్టుంది.

"కళ్ళజోళ్ళ ఆయన పంపారా? శుక్రవారం శుక్రవారం వస్తారు. కంప్యూటర్లో పేజీ నేనే తెరిచి పెడతాను. మందుల గురించి ఏదో చదువుకుంటారు. ఈ ఫైలు కూడా తీసుకెళ్ళి ఇచ్చెయ్యమ్మా, ఆయన ఉత్తరాల కాపీలు. ఇంట్లో పెడితే పై వాటా అమ్మాయి చూస్తుందని ఇక్కడ దాచుకున్నారు. ఇంతకీ నువ్వేమవుతావు ఆయనకి?"

పై వాటా అమ్మాయి ఫైలు పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఫైలు విప్పింది. అన్నీ చేత్తో రాసిన ఉత్తరాలు, గుండ్రటి అక్షరాలు. మొదటిది సబ్బు కంపెనీకి.

"అయ్యా, మా ఇంటి పై వాటాలో ఒక అమ్మాయి ఉంది. మందు పెట్టెల్లో మీలాంటివాళ్ళు పెట్టే కాగితాన్ని మనుషుల భాషలో రాసి ఇంటర్‌నెట్‌లో పెడుతుంది. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. నా బీపీ మాత్ర గురించి ఒకసారి అడిగితే, ఇది వేసుకుని గబుక్కున మంచం దిగకండి, ముందు కూర్చోండి, పదంకెలు లెక్కపెట్టండి, అప్పుడు లేవండి అంది. వారం తిరక్కుండా అవే మాటలు లైబ్రరీ కంప్యూటర్లో చదివాను. పదంకెలు లెక్కపెట్టమనే మనుషులు ఇద్దరుండరు. మా ఆవిడ ఉన్న రోజుల్లో మాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. ఆవిడ మంచం దిగుతూనే పడింది.

మీరు కోరిన చట్టం వస్తే ఈ అమ్మాయి పేజీ మూసేస్తారు. ఈమె నెమ్మది మనిషి. తగవుకి పోదు, మూస్తే మూసుకుని ఊరుకుంటుంది. అందుకని ఆమె తరఫున నేను అలుగుతున్నాను. ఈ రోజు నుంచి మీకూ నాకూ మాటల్లేవు. మీ సబ్బు మంచిదే, ఇందులో దాని తప్పేం లేదు.

ఇట్లు, కింద వాటా.

మరొక మాట. ఇది నాకు తెలుసని ఆమెకి తెలియదు. తెలిస్తే సిగ్గుపడుతుంది. దయచేసి మీలోనే ఉంచుకోండి."

ఇలాంటివి అరవై మూడు. ఆఖరి వాక్యాలు మాత్రం కంపెనీని బట్టి మారాయి. రంగుల కంపెనీకి, మీ రంగు నా గోడలకే ఉంది కాబట్టి వాటికి ఆనుకోవడం మానేశానని రాశాడు. ప్రతి ఉత్తరం పైనా ఇంటి చిరునామా, వీధి పేరుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది.

మూడేళ్ళు కంటికి రెప్పలా కాచుకున్న రహస్యాన్ని ఆయన అరవై మూడు కంపెనీలకి అడ్రసుతో సహా పంచిపెట్టి, మీలోనే ఉంచుకోండి అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. లైబ్రరీ అని మరిచిపోయి పైకే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, ఈ పై వాటాలో తానొకతె ఉన్నానని ఇన్నాళ్ళకి ఎవరో ఎవరికో చెప్పారన్న సంగతి తట్టింది. అదీ ఒకరికి కాదు, అరవై మూడు చోట్ల. ఆమె కళ్ళు తుడుచుకుని, ఫైలు లైబ్రేరియన్‌కి తిరిగిచ్చేసింది.

"ఇది ఇక్కడే ఉండనివ్వండి. నేను చూసినట్టు ఆయనకి చెప్పకండి. ఆయన సిగ్గుపడతారు."

సాయంత్రం కొత్త కాపీ ఆయన జేబులో పెట్టి, సంచిలోంచి కవరు తీసింది.

"బాబాయిగారూ, మీకు వీళ్ళతో మాటల్లేవు. నాకున్నాయి. నేను చదవొచ్చా?"

"నీ ఇష్టం. నాకు మాత్రం వినిపించకు."

ఆమె కిటికీ వైపు తిరిగి, కిటికీకి వినిపించింది. బాబాయి గది మధ్యలో కుర్చీ మీద, అటు తిరిగే, చెవి ఇటు పెట్టాడు.

"కింద వాటా గారికి. టీ కంపెనీలో ఉత్తరాలు చదివే ఉద్యోగం నాది. ఇప్పుడు ఉత్తరాలు ఎవరూ రాయరు, నా కుర్చీ మాత్రం ఇంకా ఉంది. మీది చదివి మా పైవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికే చాలామంది మా టీ మానేశారు, మీ ఉత్తరంతో ఇంక మా పైవాళ్ళు ఆగలేదు. రెండో వారంలోనే మా కంపెనీ ఆ చట్టానికి మద్దతు మానుకుంది. ఒప్పుకున్నప్పుడు పేజీ నిండా వేయించుకున్నాం గానీ మానుకున్నప్పుడు వేయించుకోలేదు, కాబట్టి మీకు తెలిసి ఉండదు. నా జవాబు రెండుసార్లు తిరిగొచ్చింది. మీకు కోపం పోలేదని తెలిసింది. దయచేసి టీ తాగండి."

బాబాయి కుర్చీని కాస్త ఇటు తిప్పుకున్నాడు.

"రెండో వారంలోనా?" అన్నాడు బాబాయి.

"రెండో వారంలోనే."

"మరి ఈ అయిదు నెలలూ నేను తాగింది?"

"వేడిగా ఉండేదిగా బాబాయిగారూ."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఉత్తరం అంతేనా?"

"అంతే," అందామె. అంతే కాదు. కింద ఇంకో వరస ఉంది: పై వాటా అమ్మాయికి చెప్పొద్దన్నారు, చెప్పలేదు, కానీ ఆమె ఎలా ఉన్నారు? ఆమె ఆ వరసని చదవకుండా కవరు మడిచి దాచుకుంది.

పైకెళ్ళి మందుల కంపెనీకి జవాబు రాసింది. మీ కాగితంలో తల తిరిగే అవకాశమున్నదని మాత్రమే ఉంది, మంచం ఎలా దిగాలో రాసింది నేను, ఆ మాటలు నావి, నేను తీయను అని రాసి, కింద తన పేరు, చిరునామా పెట్టింది. చిరునామా ఎలాగూ వాళ్ళ దగ్గరుంది. దానికి ఇంతవరకూ జవాబు రాలేదు. చట్టమూ ఇంకా రాలేదు, పోనూ లేదు. ఆదివారం ఆమె పేజీ మూయలేదు. దాని అడుగున కొత్తగా రెండు వాక్యాలు మాత్రం చేర్చింది.

శుక్రవారం బాబాయి కుంటుకుంటూ లైబ్రరీకి వెళ్ళాడు. లైబ్రేరియన్ తెరిచిపెట్టిన పేజీని భూతద్దంతో పై నుంచి కింద దాకా చదివాడు. అడుగున ఇలా ఉంది: "ఈ చీటీలు రాసే నేను ఒక ఇంటి పై వాటాలో ఉంటాను. సందేహం ఉన్నవాళ్ళు కింద వాటా బాబాయిగారికి చెబితే ఆయన రెండు దెబ్బలు కొడతారు, నేను పదంకెలు లెక్కపెట్టి దిగి వస్తాను."

ఆ సాయంత్రం నేల కింద నుంచి టక్, టక్ అని వినిపించింది. ఆమె దిగింది. బల్ల మీద రెండు కప్పులు, పక్కన పాత కంపెనీ కొత్త డబ్బా. కుర్చీ ఇంకా గది మధ్యలోనే ఉంది, గోడలతో రాజీ కుదరలేదు.

"ఇంకా అరవై రెండు ఉన్నాయి," అన్నాడు బాబాయి, ఆమె మొహం వైపు చూడకుండా. "ఈ టీ కంపెనీవాళ్ళకి మాత్రం జవాబు రాయాలి. కాలు నొప్పిగా ఉంది, నేను చెప్తాను, నువ్వు రాయి."

కాలు నొప్పికీ చేతి రాతకీ సంబంధం ఏమిటని ఆమె అడగలేదు. కలం తీసుకుని తల వంచుకుంది.

"అయ్యా, మా పై వాటా అమ్మాయి సంగతి మీలోనే ఉంచుకోమని అడిగాను. ఇంక అక్కర్లేదు. ఆమే నాకు చెప్పింది. బాగానే ఉంది. రాశావా?"

"రాశాను. తర్వాత?"

బాబాయి కప్పెత్తి ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకుని అయిదు నెలల బాకీ తీరేదాకా ఆగాడు.

"టీ బాగుందని రాయి," అన్నాడు. "వేడిగా కూడా ఉందని రాయి."